మన గుమ్మపు దీపము పొరుగింటి కంటిలో పడరాదు



గట్టు తగాదా, దారి తగాదా, మురుగు నీటి తగాదా మన పల్లెలకు కొత్త కాదు. వాటిని ఎలా తీర్చాలో పెద్దలకు తెలుసు. తాడు పట్టి కొలుస్తారు, హద్దురాయి పాతుతారు, కాలువ మళ్లిస్తారు. అయితే ఈ పది పదిహేనేండ్లలో ఒక కొత్త తగాదా మన సందులలోకి వచ్చినది. దీనికి హద్దురాయి పనిచేయదు. ఇది ప్రహరీ గోడ దూకి, కిటికీ సందులలో నుండి లోపలికి వచ్చి, మంచము మీద పడుకొన్నవారి ముఖము మీద కూర్చుంటుంది. అదే పొరుగింటి ఫోకస్ లైటు.

ఇలా అనుకొందాము. ఒక సందులో ఎదురెదురుగా రెండు ఇళ్లు. ఒక ఇంటి కుమారుడు గల్ఫులో కష్టపడి సంపాదించి డాబా వేశాడు. ఇంట్లో ఉండేది ముసలి తండ్రి, కోడలు, ఇద్దరు పిల్లలు. మగదిక్కు దూరమున ఉన్నది గనుక భయముతో డాబా పిట్టగోడకు రెండు ఫోకస్ లైట్లు బిగించారు. సాయంత్రము ఆరింటికి వేస్తే తెల్లవారి ఆరింటికి ఆర్పుతారు. ఎదురింటి తల్లి డెబ్బది ఏండ్లది. ఎండాకాలము వసారాలో నులక మంచము మీద పడుకోవడము ఆమెకు చిన్ననాటి అలవాటు. ఒక కంటిలో శుక్లము. ఆ తెల్లని కాంతి కంటిలో సూదిలా గుచ్చుకొంటుంది. లోపల పడుకొంటే ఉక్క, బయట పడుకొంటే వెలుగు. నెల తిరిగేసరికి రెండు ఇళ్ల మధ్య మాటలు ఆగిపోతాయి. పిల్లలు కలిసి ఆడుకోవడము ఆగిపోతుంది. ఆదివారము ఒకే ఆలయములో కూర్చున్నా ఒకరి ముఖము ఒకరు చూడరు.

ఇందులో దుర్మార్గులు ఎవరు? ఎవరూ లేరు. ఒకరికి భయము, ఒకరికి నిద్ర లేమి. రెండూ నిజమైన బాధలే. కనుక ఈ విషయమును కోపముతో గాక తెలివితో పరిశీలించడము మంచిది.

ఇంత వెలుగు ఎక్కడ నుండి వచ్చినది?

మన తాతల కాలములో కిరసనాయిలు బుడ్డి వెలుగు గుమ్మము దాటేది కాదు. ఆ తరువాత వచ్చిన 60 వాట్ల బల్బు ఇచ్చే కాంతి సుమారు 700 ల్యూమెన్లు. ల్యూమెన్ అనగా కాంతిని కొలిచే కొలత. నేడు అరచేతిలో పట్టే 50 వాట్ల ఎల్‌.ఇ.డి. ఫోకస్ లైటు సుమారు 5,000 ల్యూమెన్ల కాంతి ఇస్తుంది. అంటే పాత బల్బులు ఏడింటిని ఒక్కచోట కట్టి పొరుగింటి వైపు తిప్పినట్లు!

దీనికి మూలము నీలి కాంతినిచ్చే ఎల్‌.ఇ.డి. దానిని కనిపెట్టిన జపాను దేశపు శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, మరియు అక్కడే పుట్టిన నకమురా గార్లకు 2014లో భౌతిక శాస్త్రములో నోబెల్ బహుమానము లభించినది. అది న్యాయమైన బహుమానమే. తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగు పేదవాని ఇంటికి కూడా చేరినది. మన విశాఖపట్నములో 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వీధి దీపములను కూల్చిన తరువాత 90 వేలకు పైగా ఎల్‌.ఇ.డి. దీపములు అమర్చారు. 2015 జనవరిలో కేంద్ర ప్రభుత్వము దేశమంతటికీ ఇట్టి పథకము ప్రారంభించినది. పంచాయతీ స్తంభముల మీదికి కూడా ఆ దీపములే వచ్చినవి.

అయితే చవక అయిన ప్రతి వస్తువును మనము మితిమీరి వాడుతాము. కరెంటు బిల్లు భయము తగ్గినప్పుడు దీపము ఆర్పే అలవాటు కూడా తగ్గినది.

చీకటితో ఏమి పని?

వెలుగు ఎంత ఉంటే అంత మంచిదే గదా అని కొందరు అడుగుతారు. దీనికి జవాబు రైతులకు బాగా తెలుసు.

గుడ్ల కోళ్ల ఫారము చూడండి. పగటి వెలుగుకు తోడు దీపములు వేసి రోజుకు సుమారు 16 గంటల వెలుగు చూపిస్తారు. ఎందుకు? వెలుగు ఎక్కువసేపు ఉంటే కోడి శరీరము ఎక్కువ గుడ్లు పెట్టడానికి సిద్ధపడుతుంది. చామంతి రైతులు కొందరు తోటలో రాత్రివేళ బల్బులు వెలిగిస్తారు. ఎందుకు? చామంతికి రాత్రి పొడవుగా ఉంటేనే మొగ్గ వస్తుంది. వెలుగు వేస్తే పూత ఆలస్యమవుతుంది. పండుగ ధరకు అందేలా కోయవచ్చు. వరిలో కూడా పగటి పొడవును బట్టి ఈనే రకములు ఉన్నవి. అట్టి రకము వీధి దీపము కింద ఉన్న మడిలో వేస్తే మిగతా చేను ఈనినా అక్కడి దుబ్బులు పచ్చగానే నిలబడి ఉంటాయి. ఇక దీపపు ఎరలు పెట్టి పురుగులను పట్టడము మనకు తెలిసిన సంగతే. చేను పక్కన రాత్రంతా వెలిగే ఫోకస్ లైటు కూడా పురుగులను పిలుస్తుంది గాని వాటిని చంపదు!

సముద్రపు ఒడ్డున మరొక నష్టము ఉన్నది. శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు మన తీరములో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. రాత్రి గుడ్డులో నుండి బయటికి వచ్చిన పిల్ల ఎటు వెలుతురు ఎక్కువగా ఉంటే అటు నడుస్తుంది. చీకటి తీరములో ఆ వెలుతురు నీటి మీద ఉంటుంది. ఒడ్డున దీపములు ఉంటే పిల్ల సముద్రమునకు వీపు తిప్పి రోడ్డు వైపు పోయి చచ్చిపోతుంది.

కోడికి, చామంతికి, తాబేలుకు ఉన్నట్లే మనిషి శరీరములో కూడా ఒక గడియారము ఉన్నది. అది ఎలా నడుస్తుందో కనిపెట్టిన ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలు, హాల్, రోస్‌బాష్, యంగ్ గార్లకు 2017లో వైద్యములో నోబెల్ బహుమానము ఇచ్చారు. చీకటి పడిన తరువాత మన మెదడు మెలటోనిన్ అనే రసమును విడుదల చేస్తుంది. ఇది రాత్రి అయినదని శరీరమునకు చెప్పే కబురు. కంటిలో బలమైన వెలుగు పడితే ఆ కబురు ఆగిపోతుంది. ముఖ్యముగా నీలి ఛాయ గల తెల్లని వెలుగు దానిని ఎక్కువగా అడ్డగిస్తుంది. అందుకే పసుపు ఛాయ దీపము కింద నిద్ర పట్టినంత సులువుగా పాలవలె తెల్లని దీపము కింద పట్టదు. శుక్లము ఉన్న కంటిలో వెలుగు చెదిరిపోతుంది గనుక ముసలివారికి ఈ బాధ మరీ ఎక్కువ.

ఇతర దేశములు ఏమి చేసినవి?

ఈ సమస్యను చట్టముతో అదుపు చేయవచ్చునని కొన్ని దేశములు ముందే గ్రహించినవి. అమెరికాలోని అరిజోనా రాష్ట్రములో ఫ్లాగ్‌స్టాఫ్ అనే ఊరు ఉన్నది. 1930లో ప్లూటోను కనుగొన్న నక్షత్రశాల అక్కడిదే. దుకాణదారులు ప్రచారము కోసము ఆకాశములో తిప్పే సెర్చ్‌లైట్లను ఆ ఊరివారు 1958లోనే నిషేధించారు.

ఇరుగు పొరుగు తగాదాకు సూటిగా జవాబు చెప్పినది ఇంగ్లండు. అక్కడ 1990 నాటి పర్యావరణ రక్షణ చట్టములో పొగ, దుర్వాసన, చప్పుడు వంటి వాటిని న్యూసెన్సుగా లెక్కించారు. 2005లో మరొక చట్టము చేసి, ఒకరి ఆవరణ నుండి వచ్చే కృత్రిమ కాంతిని కూడా ఆ జాబితాలో చేర్చారు. 2006 ఏప్రిల్ నుండి అది అమలులోనికి వచ్చినది. ఫిర్యాదు వస్తే స్థానిక పురపాలక అధికారులు తప్పక విచారించవలెను. దీపము ఎంతసేపు వెలుగుతున్నది, ఏ వేళలో, ఎంత తరచుగా, సామాన్యుడైన మనిషికి అది ఎంత బాధ కలిగిస్తున్నది అని చూస్తారు. న్యూసెన్సు అని తేలితే దానిని మానుమని నోటీసు ఇస్తారు. నోటీసు అందినవారు 21 దినములలో మేజిస్ట్రేటు కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. పట్టించుకోకపోతే జరిమానా.

ఆ చట్టములో మినహాయింపులు కూడా ఉన్నవి. విమానాశ్రయము, రేవు, రైల్వే స్థలము, బస్సు స్టేషను, దీపస్తంభము, చెరసాల వంటి చోట్ల ప్రాణరక్షణకు వెలుగు తప్పనిసరి గనుక వాటిని వదిలివేశారు. వీధి దీపములు కూడా సాధారణముగా దీని కిందికి రావు. ఇంకొక మాట గమనించండి: ఫిర్యాదు చేయక ముందు పొరుగువారితో ఒకసారి మాట్లాడి చూడమని అక్కడి అధికారులే సలహా ఇస్తారు.

ఫ్రాన్సు దేశములో 2013 జూలై నుండి దుకాణముల అద్దాల దీపములు, భవనముల ముందు అలంకార దీపములు రాత్రి ఒంటిగంట కల్లా ఆర్పవలెనని నియమము వచ్చినది. 2018లో దానిని మరింత విస్తరించారు.

మన దేశములో చట్టము

మన దేశములో కేవలము వెలుగు బాధను గురించిన కేంద్ర చట్టము లేదు. చప్పుడుకు ఉన్నది. 2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు మైకులకు అడ్డు ఉన్నది. వెలుగుకు అట్టి గంట కొట్టలేదు.

విచిత్రమేమంటే, 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము వెలుగును గురించి మాట్లాడుతుంది. ఒక ఇంటి కిటికీకి 20 సంవత్సరములు అడ్డు లేకుండా వెలుగు, గాలి వచ్చి ఉంటే పొరుగువాడు గోడ కట్టి దానిని ఆపరాదని చెబుతుంది. వెలుగు చాలడము లేదన్న బాధ ఆనాటిది. వెలుగు ఎక్కువైనదన్న బాధ ఈనాటిది.

అంతమాత్రమున దారి లేదనుకోవద్దు. మూడు దారులు ఉన్నవి.

మొదటిది సివిలు కోర్టు. పొరుగువాడు తన స్థలములో చేసే పని మన ఇంటి అనుభవమును అధికముగా చెడగొడుతుంటే అది న్యూసెన్సు అవుతుంది. దానిని ఆపుమని ఇంజంక్షన్ కోరవచ్చు. రుజువు చేయవలసిన భారము ఫిర్యాదు చేసినవారిదే. చిన్న అసౌకర్యమును కోర్టులు లెక్కచేయవు.

రెండవది, వీధి మొత్తానికి బాధ అయినప్పుడు. అది పబ్లికు న్యూసెన్సు అవుతుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 133వ సెక్షను కింద ఉన్న అధికారము, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షను కింద ఉన్నది. ఎగ్జిక్యూటివు మేజిస్ట్రేటు విచారించి అట్టి న్యూసెన్సును తొలగించుమని ఉత్తర్వు ఇవ్వవచ్చు.

మూడవది లోక్ అదాలతు. 1987 నాటి న్యాయ సేవల చట్టము కింద ఇది ఏర్పడినది. కేసు వేయక ముందే ఇక్కడికి రావచ్చు. కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకొంటే ఇచ్చే అవార్డు సివిలు కోర్టు డిక్రీతో సమానము. దాని మీద అప్పీలు లేదు. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీ వారికి ఉచిత న్యాయ సహాయము లభిస్తుంది. మండల కేంద్రములోని న్యాయ సేవల కమిటీని గాని, 15100 ఫోను నంబరును గాని అడగవచ్చు.

పంచాయతీ వీధి దీపమే మీ కిటికీలో పడుతుంటే దారి వేరు. వీధులకు వెలుగు కల్పించడము పంచాయతీ బాధ్యత. సర్పంచి గారికి, పంచాయతీ కార్యదర్శికి కాగితము రాసి ఇవ్వండి. దీపము తీసివేయమని గాక, రోడ్డు మీదికి వంచమని, లేదా మీ వైపు రేకు అడ్డు పెట్టించమని అడగండి. ఎవరూ తమంతట తాము స్తంభము ఎక్కరాదు. అది ప్రాణాపాయము. రాయి విసిరి పగులగొడితే అది నేరము. న్యాయము మీ వైపు ఉన్నా తప్పు మీ మీదికి వస్తుంది.

భయము మాటేమిటి?

దీపము పెట్టినవారి మాట కూడా వినవలెను. దొంగల భయము, పాముల భయము కల్పితము కాదు. అయితే ఎక్కువ వెలుగు ఎక్కువ రక్షణ అనే లెక్క ప్రతిసారీ సరిపోదు. ఇంగ్లండు, వేల్సులలోని 62 స్థానిక ప్రాంతముల లెక్కలు పరిశీలించి 2015లో ఒక అధ్యయనము ప్రచురించారు. రాత్రివేళ వీధి దీపములు ఆర్పిన చోట గాని, మసక చేసిన చోట గాని నేరములు, ప్రమాదములు పెరిగినట్లు ఆధారము కనబడలేదు. అది వారి దేశపు సంగతి. మన సందులన్నిటికీ అదే వర్తిస్తుందని అనలేము. కాని ఆలోచించవలసిన మాట.

మీరే పరీక్షించి చూడవచ్చు. రాత్రి మీ ఫోకస్ లైటుకు ఎదురుగా నిలబడండి. కళ్లు బైర్లు కమ్మి, దీపము వెనుక ఎవరున్నారో కనబడదు. గోడ పక్కన నల్లని నీడ పడుతుంది. దొంగ నిలబడేది ఆ నీడలోనే. అదే దీపమును కిందికి తిప్పితే నేల అంతా సమానముగా కనబడుతుంది, పాము కూడా కనబడుతుంది.

దీపమును సరిచేసే పద్ధతి

ఎక్కువ ఖర్చు లేకుండా చేయదగినవి ఇవి:

1. ముఖము కిందికి తిప్పండి. బిగించిన బోల్టు వదులు చేసి దీపమును నేల వైపు వంచడానికి ఐదు నిమిషములు చాలును. పొరుగింటి గుమ్మములో నిలబడి చూస్తే మీ నేల మీద పడిన వెలుగు కనబడవచ్చు గాని, దీపము కనబడరాదు. ఇదే పరీక్ష.

2. రేకు అడ్డు పెట్టండి. దీపమునకు పైన, పక్కలకు రేకు ముక్క బిగిస్తే వెలుగు మీ హద్దులోనే ఉంటుంది. గాలి ఆడేలా బిగించండి, లేకపోతే దీపము వేడెక్కుతుంది.

3. తక్కువ వాట్లు చాలును. వాకిలికి 50 వాట్లు అవసరము లేదు. 9 లేక 12 వాట్ల బల్బు చాలును.

4. పసుపు ఛాయ ఎన్నుకోండి. పెట్టె మీద కెల్విన్ అంకె చూడండి. 6,500 అంటే నీలి తెలుపు. 3,000 లేక అంతకు తక్కువ అంటే పసుపు ఛాయ. వీధి దీపములు 3,000కు మించరాదని అమెరికా వైద్య సంఘము 2016లో సలహా ఇచ్చినది.

5. కదలికను కనిపెట్టే సెన్సరు పెట్టండి. మనిషి వస్తేనే వెలుగుతుంది. రాత్రంతా వెలిగే దీపమునకు అందరూ అలవాటు పడతారు. ఠక్కున వెలిగిన దీపమును అందరూ చూస్తారు. కుక్కలు, పిల్లులు తిరిగినప్పుడు వెలగకుండా సెన్సరు ముఖము సరిచూసుకోండి.

లెక్క కూడా చూడండి. 50 వాట్ల దీపము రోజుకు 12 గంటలు వెలిగితే నెలకు 18 యూనిట్లు. సెన్సరు పెట్టి రోజుకు గంటసేపు వెలిగితే ఒకటిన్నర యూనిట్లు. రెండు దీపములు ఉంటే ఆదా నెలకు 33 యూనిట్లు.

ఎలా మాట్లాడాలి?

రాత్రి పదకొండు గంటలకు కోపముతో తలుపు కొట్టవద్దు. సందులో నలుగురి ముందు అనవద్దు. పగలు, తీరికగా ఉన్నప్పుడు వెళ్లండి. ముందు మీ బాధ చెప్పండి, తప్పు ఎంచవద్దు. "వదినా, మీ లైటు వెలుగు మా అమ్మ కళ్లలో పడి నిద్ర పట్టడము లేదు. ఒకసారి రాత్రి మా వసారాలోకి వచ్చి చూస్తావా?" అని పిలవండి. చాలామందికి తమ దీపము ఎదుటి ఇంటిలో ఎలా పడుతున్నదో తెలియదు. ఎవరూ తమ ఇంటిని పొరుగింటి మంచము మీద పడుకొని చూడరు గదా!

వారి భయమును కూడా అడిగి తెలుసుకోండి. "మీ అబ్బాయి వచ్చేవరకు మేము ఒక కన్ను వేసి ఉంటాము" అని మాట ఇవ్వండి. కావాలంటే రేకు ఖర్చులో సగము మీరే భరించండి. కోర్టు మెట్లు ఎక్కడము కంటే అది చవక.

మాట చెల్లకపోతే ఇద్దరికీ కావలసిన పెద్దను, ఆ తరువాత పాస్టరు గారిని లేక సర్పంచి గారిని పిలవండి. ఒప్పుకొన్న సంగతులు చిన్న కాగితము మీద రాసుకోండి: ఎన్ని వాట్లు, ఏ వైపు, ఎన్ని గంటల వరకు. అప్పటికీ కాకపోతేనే చట్టము. ఆ పక్షముగా ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎంతసేపు వెలుగు పడినదో నోటు పుస్తకములో రాసి, ఫొటోలు తీసి ఉంచుకోండి.

ఆలయ ఆవరణ నుండి మొదలు పెడదాము

ఈ విషయములో మన సంఘములు కూడా తమ ఆవరణ వైపు చూసుకోవలసి ఉన్నది. డిసెంబరు నెల వచ్చిందంటే ఆలయ శిఖరము మీద నక్షత్రము, చెట్లకు సీరియలు లైట్లు, ఆవరణలో ఫోకస్ లైట్లు. అవి సంతోషమునకు గుర్తులే. కాని ఆలయము పక్క ఇంటిలో పరీక్షకు చదివే పిల్లవాడో, బాలింతో, జ్వరముతో ఉన్న ముసలివాడో ఉండవచ్చు. వారు మన సంఘస్థులు కాకపోవచ్చు. ఆరాధన ముగిసిన తరువాత, పది గంటలకు దీపములు ఆర్పితే పండుగకు లోటు రాదు. తెల్లవారుజామున మరల వెలిగించుకోవచ్చు. సంఘ పెద్దలు ఒక సాయంత్రము ఆలయము చుట్టూ నడిచి, ఏ దీపము ఎవరి కిటికీలో పడుతున్నదో చూసి రావడము మంచి పని.

సృష్టిలో పగటికి ఒక చోటు, రాత్రికి ఒక చోటు ఏర్పడి ఉన్నదని ఆదికాండము మొదటి అధ్యాయము చదివినవారికి తెలుసు. లడఖ్‌లోని హన్లే గ్రామ ప్రాంతమును 2022లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతముగా ప్రకటించారు. అక్కడి గ్రామస్థులు కిటికీలకు దట్టమైన తెరలు వేసి, దీపములకు మూతలు పెట్టి ఆకాశమును కాపాడుతున్నారు. వారు దీపములు మానలేదు, దీపమును అదుపులో పెట్టారు. లడఖ్ పల్లెవారు చేయగలిగినది మన పల్లెవారు చేయలేరా?

ఈ పత్రిక చదివిన రాత్రే ఒక పని చేయండి. మీ ఇంటి బయట దీపము వేసి, రోడ్డు దాటి వెళ్లి, పొరుగింటి గుమ్మము దగ్గర నిలబడి మీ ఇంటి వైపు చూడండి. దీపము మీ కంటిలో పడితే, అది ఇన్నాళ్లుగా వారి కంటిలో పడుతున్నదని అర్థము. తిరిగి వచ్చి బోల్టు వదులు చేయండి. వారు అడిగే వరకు ఆగవద్దు.